ఆషాఢంలో ఒక రోజు అద్దెకు

ముహూర్తాల్లేని నెల.
తిరుచానూరు రోడ్డులో కల్యాణమండపాలన్నీ
షట్టర్లు దించుకుని కునుకు తీస్తాండాయి.
నేను మాత్రం
చెంగల్రాయులు అంగట్లో గాజుబల్ల మీద మోచేతులాన్చి
ఫుల్ ఫ్రేమ్ కెమెరాను చూస్తాండా,
అల్లుడు కోడిని చూసినట్టు కాదు,
కోడి అల్లుణ్ణి చూసినట్టు.

లక్షా డెబ్బై రెండు వేలు. ఒట్టి బాడీకి.
"లెన్సులు గూడా మార్చాల సామీ" అన్నాడాయన మెల్లగా,
ఎద్దు బేరం తెగినాక
పలుపు వేరే కొనుక్కోమన్నట్టు.

నా పాతదానికి తొమ్మిదేండ్లు. చిన్న సెన్సారు.
చూసినదంతా చూసి
చుట్టూ అంచులు కోసి చేతిలో పెడతాది.
ఆ కోత కోసమే నేను వెనక్కి నడవడం నేర్చుకున్నా.
పెండ్లికూతురూ పెండ్లికొడుకూ ముందుకు,
నేను వెనక్కి.
మడమలకు కండ్లు మొలిచినాయి.
పీట, హోమం ఇటుక, తడి అరిటాకు,
నాదస్వరం ఆయన విడిచిన చెప్పులు,
తల తిప్పకుండానే దాటుకుంటా.
వీపు గోడకు తగిలినాక గూడా
మేనత్త ఒకామె ఫ్రేముకు బయటే మిగిలిపోతాది.
ఆల్బం ఇచ్చిన రోజు
మొదటి ఫోను ఆమెదే.

"ఇదైతే నీకు నాలుగడుగులు కలిసొస్తాయి" అన్నాడు చెంగల్రాయులు.
అంటే అడుగు నలభై మూడు వేలు.
రేణిగుంట రోడ్డు పక్కన
జాగా గూడా ఆ రేటు పలకదు.

సగం అద్దెకే ఒక రోజు తీసుకపొమ్మన్నాడు.

తెల్లారుజామున నాలుగింటికి పూల మార్కెట్టు.
చామంతి గంపల మధ్య ఒకటే బల్బు.
నా పాతదైతే ఆ చీకట్లో రవ్వ చల్లుతాది,
మొగాలన్నీ ఉప్మా.
ఇది చీకటిని చీకటిగానే ఉంచింది,
గంపెత్తే మునెయ్య మెడ నరాన్ని నరంగానే.
నచ్చింది.
ఎందుకో భయమూ వేసింది.

రాత్రి బైరాగిపట్టెడలో కరెంటు పోయింది.
కస్తూరి కొవ్వొత్తి ముందర కూర్చోని
చింతపండులో గింజలు తీస్తాంది.
ఆమెకు ఫ్లాష్ పడదు.
పెండ్లయినప్పట్నుంచి నేను ఇంట్లో తీసిన ప్రతి ఫోటోలో
కండ్లు మూసుకునే ఉంది.
మా చిన్నది ఒకసారి అడగనే అడిగింది,
"అమ్మ ఎప్పుడూ నిద్రపోతానే ఉంటాదా నాయనా?"

ఫ్లాష్ లేకుండా నొక్కినా.
కండ్లు తెరిచే ఉంది.
ఒక్కో కంట్లో ఒక్కో కొవ్వొత్తి,
ఏదో అడగబోయి ఆగినట్టు.

తెర మీద చూపిస్తే
ఆమె తన మొగం చూసుకోలేదు.
బొమ్మను అంచుకు జరిపి, పెద్దది చేసి,
"ఈ గోడ ఇంత చెమ్మ పట్టిందా" అనింది.
నిజమే. కుడి అంచున,
ఇన్నేండ్లూ నా పాతది కోసేసిన చోట,
పైకప్పు నుంచి గ్యాసు బండ దాకా
ఊరూ పేరూ లేని దేశం పటం.
"పోయిన కార్తీకం నుంచి చెప్తానే ఉండా"
అని మళ్ళీ చింతపండు చేతికి తీసుకుంది.

కరెంటొచ్చినాక లెక్క రాసినా.
శ్రావణంలో ఆరు పెండ్లిండ్లు, రెండింటికే అడ్వాన్సు.
గోడ గీకి, మందు పూసి, రంగేస్తే
ముప్పై ఎనిమిది వేలు.
ఒక అడుగు కంటే తక్కువే.
ఈ లెక్క ఎవురికి చెప్పినా నవ్వుతారు.

పొద్దున్నే తిరిగిచ్చేసినా.
"ఏమనుకున్నావు?" అన్నాడు చెంగల్రాయులు.
"మూడడుగులకు ఎంతవుతాది?" అన్నా.
ఆయనకు అర్థం కాలేదు.
మెమరీ కార్డు మాత్రం మరిచిపోకుండా
చొక్కా జేబులో వేసుకున్నా.

ఇంటికొచ్చేసరికి కస్తూరి గడప దగ్గర,
బియ్యం చెరుగుతా.
పాతది తీసినా.
అలవాటుగా వెనక్కి నడిచినా,
ఒకటి, రెండు, మూడు.
నాలుగో అడుగుకు
వీపు ఆ గోడకే తగిలింది. చల్లగా.
చేట ఒక అంచు కోసేసుకుపోయింది నా సెన్సారు.
ఆమె ఎండకు కండ్లు చిట్లించి
నా వైపు చూస్తానే ఉంది.